కమాన్ షాపు నిలబడాలంటే



ఒక కుటుంబాన్ని సొంత కాళ్ల మీద నిలబెట్టాలి అనగానే మనకు గుర్తొచ్చేవి కుట్టుమిషను, తోపుడు బండి, ఆటో. వాటిని తక్కువ చేసి చెప్పడం మా ఉద్దేశం కాదు. అయితే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో మనవాళ్ల చేతుల్లో చాలా ఏళ్లుగా ఉన్న మరో విద్య ఉంది. లారీలకు, టిప్పర్లకు, ట్రాక్టర్ ట్రాలీలకు కమాన్లు కట్టడం, బాడీలు తయారు చేయడం, వంగిన ఛాసిస్ సరిచేయడం. దాన్ని మనం "మెకానిక్ పని" అని ఒక్క మాటలో తేల్చేస్తాం. ఆ దుకాణం లోపల ఏం జరుగుతుందో, దానికి ఎలాంటి సాయం పనికొస్తుందో ఆలోచించం.

ఈ వ్యాసంలో ఆ సంగతే పాఠంలా చెప్పుకుందాం. మా అభిప్రాయం ముందే చెప్తున్నాం. ఇలాంటి దుకాణం నిలబడేది వెల్డింగ్ మిషను ఒక్కదానితో కాదు. తప్పుడు పని అడిగిన గిరాకీకి "వద్దు భాయ్, ఇది చేయను" అని చెప్పగలిగితేనే అది నిలబడుతుంది. చేతిలో నాలుగు రూపాయలు లేనివాడు ఆ మాట అనలేడు. దాత సాయం అవసరమైన చోటు అదే.

మన రోడ్లు, మన బరువులు

వేరే దేశాల్లో ఎడారిలో, కొండల్లో సరదాగా తిరగడానికి బండ్లను ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేసి మార్పించుకునే షాపులు ఉన్నాయి. మన దగ్గర బండి రోడ్డు దిగేది సరదాకు కాదు, బతుకు కోసం. వడ్లు కోతకొచ్చినప్పుడు ట్రాక్టర్ పొలం గట్టు దాటి మడిలోకి దిగాలి. ఇసుక బండి వాగులోకి దిగాలి. గ్రానైట్ బండలు మోసే లారీ క్వారీ గుంతలోంచి పైకి ఎక్కాలి. జగిత్యాల మామిడి ఎండాకాలంలో లారీలకెక్కి దూరపు రాష్ట్రాలకు పోవాలి.

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా నిజామాబాద్ వైపు పోయే 63వ నంబరు జాతీయ రహదారి మీద, జగిత్యాల నుంచి కరీంనగర్, వరంగల్ వైపు పోయే 563వ నంబరు రహదారి మీద రాత్రింబవళ్లు బరువు బండ్లు నడుస్తాయి. సిరిసిల్లలో మరమగ్గాల మీద నేసిన బట్ట, మానేరు వాగు ఇసుక, చుట్టుపక్కల వడ్లు అన్నీ బండ్ల మీదే కదులుతాయి. అక్కడ మగ్గాల విడిభాగాలు చేసే లేతు షాపులు ఉండడం కూడా ఒక వసతి. అరిగిన పిన్ను చూపిస్తే కొలత ప్రకారం బుష్ తీసిచ్చే టర్నర్ ఊళ్లోనే దొరుకుతాడు.

అందుకే ఈ పనికి గిరాకీ కరువు లేదు. ఉన్న కష్టం ఆ గిరాకీ వచ్చే తీరులోనే ఉంది. కోతల కాలంలో ఒకేసారి మీదపడుతుంది, వానాకాలంలో సన్నబడుతుంది. పైసలు మాత్రం పంట అమ్ముడుపోయాకే వస్తాయి.

ఈ విద్య ఎక్కడి నుంచి వచ్చింది

మన తెలంగాణలో మోటారు బండ్ల పని కొత్తది కాదు. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే కింద రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. తర్వాత పదేళ్లకు, 1942లో, హైదరాబాద్‌లో ఆల్విన్ కంపెనీ పుట్టింది. ఫ్రిజ్‌లు, గడియారాలతో పేరు తెచ్చుకున్న ఆ కంపెనీ బస్సు బాడీలు కూడా కట్టింది. డిపోల్లో, కార్ఖానాల్లో పని నేర్చినవాళ్లు బయటికొచ్చి సొంతంగా కొలిమి పెట్టుకుంటే, వాళ్ల దగ్గర షాగిర్దులు చేరి ఉస్తాదులయ్యారు. విద్య చేతి నుంచి చేతికి ఇలాగే పోయింది.

మరో ఉదాహరణ విజయవాడ ఆటోనగర్. 1960లలో ఊళ్లో చెదిరి ఉన్న గ్యారేజీలన్నీ ఒక చోటికి చేరి అది మొదలైంది. ఇప్పుడు కమాన్, బాడీ, పెయింటింగ్, ఎలక్ట్రికల్, లేతు, రేడియేటర్, సీటు పని అన్నీ నడిచి వెళ్లే దూరంలో దొరుకుతాయి. లారీ ఓనరు ఒకసారి బండి నిలిపితే అన్ని పనులూ అయిపోతాయి. ఇందులో మనకు పాఠం ఏమిటంటే, ఒంటరి దుకాణం కన్నా పక్కపక్కనే ఉన్న నాలుగు చిన్న దుకాణాలు గట్టిగా నిలబడతాయి. ఒకరి గిరాకీ ఇంకొకరికి పని తెస్తుంది. ఒకరి దగ్గరున్న ప్రెస్ మిషను నలుగురికీ పనికొస్తుంది.

కమాన్ చెప్పే పాఠం

కమాన్ కట్ట చూడటానికి ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనుప పట్టీలే. కానీ అది మామూలు ఇనుము కాదు. సిలికాన్, మాంగనీస్ కలిసిన స్ప్రింగు ఉక్కు. దాన్ని సుమారు 850 డిగ్రీల వేడికి ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి గట్టిపరుస్తారు. తర్వాత మళ్లీ 400 నుంచి 500 డిగ్రీల దగ్గర మదురుస్తారు. ఈ రెండో మెట్టు తప్పితే పట్టీ గాజులా పెళుసై విరుగుతుంది. వంపు పోయిన పట్టీని కొలిమిలో కాల్చి సుత్తితో వంచి అలాగే చల్లారనిస్తే, అది మెత్తబడి నెల తిరక్కుండానే మళ్లీ కూర్చుంటుంది. పట్టీ మీద వెల్డింగ్ చుక్క పడితే అక్కడి నుంచే పగులు మొదలవుతుంది. అందుకే మంచి ఉస్తాద్ విరిగిన పట్టీని ఎన్నడూ అతికించడు.

కమాన్ షాపులో రోజూ వినిపించే మాట "ఇంకో పట్టీ వెయ్యి ఉస్తాద్, బరువు ఎక్కువ వేస్తున్నం." ఇక్కడ చిన్న లెక్క తెలుసుకోవాలి. పట్టీ గట్టిదనం దాని మందం మీద మూడింతల ఘాతంగా పెరుగుతుంది. 10 మిల్లీమీటర్ల పట్టీ బదులు 12 మిల్లీమీటర్లది వేస్తే మందం పెరిగింది 20 శాతమే, గట్టిదనం పెరిగింది సుమారు 73 శాతం. పలుచని పట్టీల మధ్య ఒక మందపు పట్టీ వేస్తే అది తన వాటాకు మించి బరువు మోస్తుంది, ముందుగా అదే విరుగుతుంది. పట్టీలన్నీ గట్టివి వేస్తే కమాన్ వంగదు. అప్పుడు గుంతలో పడ్డ ప్రతి దెబ్బ ఛాసిస్‌కు, యాక్సిల్‌కు, డ్రైవర్ నడుముకు తగులుతుంది. కమాన్ విరిగితే బండి రోడ్డు పక్కన నిలబడుతుంది. యాక్సిల్ విరిగితే ఎదురుగా వచ్చేవాడి ప్రాణం పోతుంది.

ఇంకో చిన్న విషయం యూ బోల్టులది. కమాన్ కట్టను యాక్సిల్‌కు బిగించి పట్టేవి అవే. అవి వదులైతే భారమంతా మధ్యనున్న సెంటర్ బోల్టు మీద పడి అది తెగుతుంది, యాక్సిల్ పక్కకు జరుగుతుంది. పట్టీలు కూడా ఎక్కువగా సెంటర్ బోల్టు రంధ్రం దగ్గరే పగులుతాయి. పాత యూ బోల్టులు మళ్లీ వాడకూడదు. కొత్తవి వేశాక మొదటి లోడు తిరిగొచ్చిన వెంటనే మళ్లీ బిగించాలి. ఆ రెండోసారి బిగింపుకు పైసలు తీసుకోని షాపు గిరాకీని పోగొట్టుకోదు. ఇలాంటి పని మీదే పేరు నిలబడుతుంది.

బాడీ పనికీ నియమాలు ఉన్నాయి. ఛాసిస్ పొడవు పట్టీల పై అంచుకు, కింది అంచుకు రంధ్రాలు వేయకూడదు, అక్కడ వెల్డింగ్ పెట్టకూడదు. బాడీని బ్రాకెట్లతో, బోల్టులతో పట్టాలి. ఇప్పటి బండ్లలో కంప్యూటర్ పెట్టెలు ఉన్నాయి కాబట్టి వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగలు తీసేయాలి. ఇవి పుస్తకం చదివి కాకుండా చూసి నేర్చుకున్న ఉస్తాదులు మన ఊళ్లలో ఉన్నారు. వాళ్లకు కావలసిన సాయం తాము నేర్చిన పద్ధతిలోనే పని చేసే వెసులుబాటు.

చట్టం గీసిన గీత

బండిని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి మన చట్టం ఒప్పుకోదు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా, ఆర్సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట స్పష్టంగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన ఓనరుకు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ఓవర్‌లోడ్‌కు 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు కట్టాలి.

బరువు విషయంలో ప్రభుత్వం ఇప్పటికే సడలింపు ఇచ్చింది. 2018లో నాలుగు టైర్ల సింగిల్ యాక్సిల్ మీద అనుమతించే బరువును 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. అంతకు మించి వేస్తే నష్టం ఓనరు ఒక్కడిదే కాదు. అమెరికాలో 1958 నుంచి 1960 వరకు జరిగిన పెద్ద రోడ్డు పరీక్షలో తేలిందేమిటంటే, రోడ్డుకు జరిగే నష్టం యాక్సిల్ బరువు మీద సుమారు నాలుగో ఘాతంగా పెరుగుతుంది. బరువు 20 శాతం పెరిగితే రోడ్డు మీద దెబ్బ రెండింతలవుతుంది. ఆ గుంతలోనే రేపు మన అంబులెన్సు, మన స్కూలు ఆటో పడతాయి.

అయితే చట్టం దారులన్నీ మూసేయలేదు. వికలాంగుల కోసం బండిని చేతితో నడిపేలా మార్చుకోవడానికి, రిజిస్టర్ చేసే అధికారి అనుమతితో వీలుంది. లారీ బాడీలకు, ట్రైలర్లకు ప్రత్యేక ప్రమాణం ఉంది, దాని పేరు ఏఐఎస్-093. దాని ప్రకారం బాడీ కట్టే షాపుకు మున్ముందు విలువ ఉంటుంది. విరిగిన కమాన్ బదులు అదే కొలత కమాన్ వేయడం, అరిగిన బుష్ మార్చడం, తుప్పు పట్టిన తలుపు కొత్తది చేయడం మరమ్మతు కిందకే వస్తాయి. వరి మడి కలిపే ఇనుప చక్రాలు, రోటవేటర్ల మరమ్మతు, నీళ్ల ట్యాంకర్ల పని చేతి నిండా ఉంటాయి. ట్రాక్టర్ ట్రాలీకి వెనక ఎర్రటి రిఫ్లెక్టర్ పట్టీ, పనిచేసే లైటు బిగించడం చాలా చిన్న పని. కానీ చీకట్లో ఆగి ఉన్న ట్రాలీని వెనక నుంచి గుద్దుకుని బైకు మీది పిల్లలు పోయిన వార్త చదవనివారు మనలో ఎవరున్నారు?

గల్ఫ్ నుంచి తెచ్చుకున్న విద్య

మన జిల్లాల నుంచి గల్ఫ్‌కు పోయిన వేలాది మందిలో కొందరు షార్జా, అబుదాబి ముసఫ్ఫా లాంటి ఇండస్ట్రియల్ ఏరియాల గ్యారేజీల్లో పనిచేసి వచ్చారు. ఎడారి ఇసుకలో నడిచే బండ్లకు సస్పెన్షన్ మార్చడం, షాక్ అబ్జార్బర్లు అమర్చడం, బంపర్లు తయారు చేయడం వాళ్లకు తెలుసు. ఇంటికొచ్చాక ఆ చేతులు ఖాళీగా ఉంటున్నాయి. లేదా వెల్డర్‌గా రోజు కూలీకి పోతున్నాయి.

వాళ్ల విద్యలో ఇక్కడ నడవనివి కొన్ని ఉన్నాయి. బండి ఎత్తు పెంచడం, బాడీ బయటికొచ్చేంత వెడల్పు టైర్లు వేయడం చట్టం ఒప్పుకోదు. కానీ విలువైనవి ఎక్కువ. కొలత తీసుకుని పని మొదలుపెట్టడం, బోల్టును అంచనాతో కాకుండా టార్క్ రెంచ్‌తో బిగించడం, ప్రతి బండికీ జాబ్ కార్డు రాయడం, కళ్లద్దాలు లేకుండా గ్రైండర్ ముట్టకపోవడం. ఊళ్లో ఉన్న ఉస్తాద్ అనుభవం, గల్ఫ్ నుంచి వచ్చినవాడి క్రమశిక్షణ ఒకే షెడ్డు కింద చేరితే ఆ దుకాణానికి తిరుగుండదు.

పని ఉంది, పైసలేవి?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. ఒక ఉదాహరణ అనుకుందాం. ఒక కమాన్ పనికి బిల్లు 18,000 రూపాయలు. అందులో పట్టీలు, యూ బోల్టులు, బుష్‌ల ఖర్చు 12,500. మిగిలేది 5,500. గిరాకీ 8,000 ఇచ్చి, "మిగతాది వడ్ల పైసలు పడ్డంక ఇస్త" అని బండి తీసుకుపోయాడు. ఇలాంటివి పది పనులు జరిగాయనుకోండి.

పుస్తకంలో చూస్తే బిల్లులు 1,80,000, సామాను 1,25,000, మిగులు 55,000. దుకాణం బాగా నడుస్తోందనిపిస్తుంది. చేతిలో చూస్తే వచ్చింది 80,000, సామానుకు కట్టింది 1,25,000. అంటే ఉస్తాద్ తన జేబులోంచి 45,000 పెట్టాడు. బయట రావలసింది లక్ష. కిరాయి, కరెంటు, పనివాళ్ల జీతాలు ఇంకా ఇవ్వలేదు. పని పెరిగేకొద్దీ అప్పు పెరుగుతుంది. అప్పుడు అతను వడ్డీ వ్యాపారి దగ్గరికి పోతాడు.

సరిగ్గా ఆ సమయంలోనే ఒకరొచ్చి, "నకదు ఇస్త, రెండు పట్టీలు ఎక్కువ వెయ్యి, ఛాసిస్ కోసి పొడవు చెయ్యి" అంటాడు. అది తప్పని ఉస్తాద్‌కు తెలుసు. అయినా రేపు కట్టాల్సిన కిస్తీ కళ్లముందు ఆడుతుంది, చేతులు పనికి దిగుతాయి. తెలియకపోవడం వల్ల కాదు, వద్దనే స్థితిలో లేకపోవడం వల్ల తప్పు జరుగుతుంది. నాలుగు నెలల సామానుకు సరిపడా పెట్టుబడి ఉంటే అదే మనిషి అదే గిరాకీని మర్యాదగా వెనక్కి పంపుతాడు.

అందుకే ఇలాంటి షాపుకు మూడు అలవాట్లు తప్పనిసరి. సామాను ఖర్చు ముందే తీసుకోవాలి, మజూరీ మాత్రమే ఆగవచ్చు. ప్రతి బండి నంబరు, చేసిన పని, వేసిన సామాను, తేదీ రాసి గిరాకీ సంతకం తీసుకోవాలి. దుకాణం పైసలు, ఇంటి పైసలు వేర్వేరుగా ఉంచాలి. రాసిపెట్టిన లెక్క వ్యాపారికే కాదు, సాయం చేసినవారికీ అమానత్.

కళ్లు, చేతులు, పిల్లలు

ఆర్క్ వెల్డింగ్ వెలుగు కంటిని కాల్చేస్తుంది. రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు మండుతుంది. జింకు పూత ఉన్న రేకు మీద వెల్డింగ్ పెడితే వచ్చే పొగతో జ్వరం వస్తుంది. ఖాళీ డీజిల్ ట్యాంకులో మిగిలిన ఆవిరి వెల్డింగ్ నిప్పుకు పేలుతుంది. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కింద దూరడం, పైకెత్తిన టిప్పర్ బాడీకి ఆనిక పెట్టకుండా కింద చేయి పెట్టడం ప్రాణాంతకం. హెల్మెట్, చేతి తొడుగులు, కళ్లద్దాలు, గట్టి స్టాండ్లు, మంటలార్పే సిలిండరు కొనే ఖర్చు ఒక్క రోజు ఆసుపత్రి ఖర్చు కన్నా తక్కువే.

పిల్లల సంగతి తప్పక చెప్పాలి. "పని నేర్చుకుంటాడు" అని పదేళ్ల పిల్లవాణ్ని షాపులో వదిలే అలవాటు ఇంకా ఉంది. 14 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టడం చట్టరీత్యా నేరం. 18 ఏళ్లలోపు వారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టడాన్ని 2016 సవరణ నిషేధించింది. ఆ వయసు పిల్లవాడి చోటు బడి, ఆ తర్వాత ఐటీఐ. వెల్డర్, డీజిల్ మెకానిక్ కోర్సులు చదివి సర్టిఫికెట్‌తో వచ్చిన 18 ఏళ్ల కుర్రవాడు ఉస్తాద్ దగ్గర చేరితే రెండేళ్లలో నిలదొక్కుకుంటాడు. మళ్లీ గల్ఫ్‌కే పోవాలనుకున్నా కూలీగా కాక పనివాడిగా పోతాడు.

దాతల ముందు మేము పెట్టే మాట

సాయాన్ని పదిమందికి చిన్న చిన్నగా పంచడం కన్నా ఒక షెడ్డును పూర్తిగా నిలబెట్టడం కష్టమైన పని. కానీ ఒక్కసారి నిలబడితే దాని నీడలో నాలుగైదు ఇళ్లు బతుకుతాయి. అలా చేయదలచినవారు నాలుగు విషయాలు చూడాలని మా మనవి.

ఒకటి, మనిషిని చూసి ఇవ్వాలి. పనితనం ఉందా, లెక్క రాస్తాడా, తప్పుడు పనికి వద్దంటాడా అని అతని పాత గిరాకీలనే అడగాలి. రెండు, పనిముట్లు మాత్రమే ఇచ్చి వదిలేయకూడదు. వెల్డింగ్ సెట్టు, ప్రెస్, టార్క్ రెంచ్‌లతోపాటు నాలుగు నెలల సామానుకు ఖర్జె హసనా ఉండాలి. అది వడ్డీ లేకుండా, కోతల తర్వాత పైసలు వచ్చే కాలానికి తగ్గట్టు వాయిదాలతో తిరిగి రావాలి. తిరిగి వచ్చిన సొమ్ముతో రెండో షెడ్డు నిలుస్తుంది. మూడు, ప్రభుత్వ దారులు తెలియజేయాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు రుసుము లేదు. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కమ్మరి పని ఉంది. అందులో పనిముట్లకు 15,000 రూపాయల సాయం ఉంది. నాలుగు, సాయానికి షరతు పెట్టాలి. పిల్లలు పనిలో ఉండకూడదు, కళ్లకు అద్దాలు ఉండాలి, ఓవర్‌లోడ్ కమాన్ కట్టకూడదు.

మేము కోరేది దానం మీద ఎప్పటికీ ఆధారపడే దుకాణం కాదు. మూడో ఏడు తన షాగిర్దు చేతికి కొత్త సుత్తి కొనిచ్చే దుకాణం. రాత్రిపూట 63వ నంబరు రోడ్డు మీద మన పిల్లలు బస్సులో నిద్రపోతూ ప్రయాణిస్తుంటే, ఎదురుగా వచ్చే లారీ యాక్సిల్ చెక్కుచెదరకుండా ఉండాలి. అందుకు ఏదో ఒక షెడ్డులో ఒక ఉస్తాద్ గిరాకీ ముఖం మీద "వద్దు భాయ్" అని ఉండాలి. అతనికి ఆ మాట అనే బలం ఇవ్వడం మన చేతుల్లో ఉంది.